వెర్మీర్ దగ్గర నెల రోజుల శిష్యరికం

ఆయిల్ రంగుల పెట్టె కొన్నవాళ్లలో చాలామంది మొదటి కాన్వాస్ మీదే సొంత బొమ్మ వేయాలనుకుంటారు. కూర్చోగానే ప్రశ్నలు చుట్టుముడతాయి. ఏ దృశ్యం? ఎక్కడ నిలబడి చూడాలి? ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? ఈ నీడ నీలమా, బూడిదరంగా? నూనె ఎంత కలపాలి? ఒక్కో ప్రశ్నకే ఏళ్లు పట్టే చోట అన్నిటికీ ఒకే సాయంత్రం జవాబు దొరకదు కదా. వారం తిరక్కుండా కాన్వాస్ అటకెక్కుతుంది. "నాకు చెయ్యి తిరగదు" అన్న తీర్పు కూడా దాంతోపాటే వచ్చేస్తుంది.

అసలు ఇబ్బంది మోయలేనన్ని నిర్ణయాలు ఒక్కసారే తలకెత్తుకోవడం. ఒక గొప్ప చిత్రాన్ని పక్కన పెట్టుకుని నకలు వేస్తే ఆ బరువు సగానికి దిగుతుంది. దృశ్యం, కోణం, వెలుతురు, అమరిక అన్నీ ఒక పెద్దాయన ముందే తేల్చి పెట్టాడు. మీకు మిగిలేవి రంగు, బ్రష్, కన్ను. సంగీతం నేర్చుకునేవాళ్లు గీతాలు, వర్ణాలు గురువు పాడినట్టే పాడి పాడి గొంతు కుదిరాకే మనోధర్మం జోలికి వెళ్తారు. బొమ్మలోనూ అదే వరస.

దీన్ని చిన్నతనంగా భావించక్కర్లేదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1793లో తలుపులు తెరిచినప్పటి నుంచీ అక్కడ ఈజిల్ వేసుకుని నకళ్లు వేసేవాళ్లు ఉన్నారు. దెగా, సెజాన్ అక్కడ అలా నేర్చుకున్నవాళ్లే. వాన్ గోహ్ సాంరెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మిలే చిత్రాల నలుపు తెలుపు అచ్చులు ముందు పెట్టుకుని, రంగులు తానే ఊహించుకుంటూ వరసగా నకళ్లు వేశాడు.

అయితే నకలు వేయడంలో ఒక గుంట ఉంది. పై మూల నుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం చొప్పున చూసి దించుకుంటూ పోతే చివరికి పోలిక వస్తుంది, మీకు మాత్రం ఏమీ రాదు. అందుకే ఈ అధ్యాయంలో ఒకే ఒక నియమం పెట్టుకుందాం. ప్రతి దశలోనూ బ్రష్ ఎత్తే ముందు "ఇక్కడ ఆయన ఇలా ఎందుకు చేశాడు?" అని అడగాలి. జవాబును ఒక నోటు పుస్తకంలో రాయాలి. నెలాఖరుకి కాన్వాస్ కంటే ఆ పుస్తకమే విలువైనది అవుతుంది.

ఈ చిత్రమే ఎందుకు

మనం తీసుకోబోయేది యొహానెస్ వెర్మీర్ వేసిన 'డెల్ఫ్ట్ నగర దృశ్యం'. వెర్మీర్ (1632–1675) నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లోనే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే పోయినవాడు. ఇవాళ ఆయనవని ఒప్పుకుంటున్న చిత్రాలు 35 దాకా ఉన్నాయి. వాటిలో గది దాటి బయటికొచ్చి కట్టడాలను గీసినవి మనకు రెండే మిగిలాయి. ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ రెయిక్స్ మ్యూజియంలోని 'చిన్న వీధి', రెండోది ఇది. 1660–61 ప్రాంతంలో వేశాడని అంచనా. 1822 నుంచి హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది.

కొత్తవాళ్లకు ఈ చిత్రం కుదరడానికి మొదటి కారణం అమరిక. ముందు ఇసుక గట్టు, తర్వాత నీళ్లు, తర్వాత ఊరు, పైన ఆకాశం. నాలుగే అడ్డ పట్టీలు. ఇళ్లు చాలావరకు మనకు ఎదురుగా బారుగా నిలబడ్డాయి కాబట్టి పర్‌స్పెక్టివ్ లెక్కలు తల తినవు. ఆకాశమే సగానికి పైగా ఉంది, కాబట్టి కట్టడాలంటే ఉండే భయం కూడా సగం తగ్గుతుంది.

రెండో కారణం కొలత. అసలు చిత్రం ఎత్తు 96.5 సెంటీమీటర్లు, వెడల్పు 115.7. అంటే దాదాపు అయిదుకి ఆరు. మన దుకాణాల్లో దొరికే 10×12 అంగుళాల కాన్వాస్ బోర్డుదీ సరిగ్గా అదే నిష్పత్తి. ఒక్క వెంట్రుక కత్తిరించకుండా, సాగదీయకుండా చిత్రం మొత్తం అందులో కూర్చుంటుంది. లూవ్ర్‌లోనూ నకలు అసలు కొలతలో ఉండకూడదన్న నిబంధన ఉంది. దొంగ బొమ్మలను అరికట్టడం దాని ఉద్దేశం. మనకు చిన్న కొలతలో మరో లాభం ఉంది. చిన్న వివరాలు ఎలాగూ పట్టవు కాబట్టి పెద్ద ఆకారాల మీదే ధ్యాస నిలుస్తుంది.

సరంజామా

రంగులు ఏడు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, లెమన్ ఎల్లో, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరైన్ బ్లూ. నల్ల రంగు ట్యూబు కొనకండి. అంబర్‌లో అల్ట్రామెరైన్ కలిపితే వచ్చే చీకటి, నలుపు కంటే సజీవంగా ఉంటుంది.

వెర్మీర్ వాడిన నీలం, అఫ్ఘానిస్థాన్ గనుల నుంచి వచ్చే లాపిస్ లాజులి రాయిని నూరి తీసినది. ఆ రోజుల్లో అత్యంత ఖరీదైన రంగుల్లో ఒకటి. 1820లలో ఫ్రాన్స్‌లో దాన్ని కృత్రిమంగా తయారుచేయడం మొదలయ్యాక ఆ నీలం మన చేతికి అందింది. ఆయన తెలుపు మాత్రం సీసంతో చేసినది, విషం. దాని బదులు టైటానియం వైట్ నిశ్చింతగా వాడుకోవచ్చు.

బ్రష్‌లలో గట్టి పంది వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు మూడు సైజుల్లో, మెత్తని సన్న రౌండ్ బ్రష్ ఒకటి తీసుకోండి. ఇంకా అవిసె నూనె, టర్పెంటైన్, రెండు చిన్న స్టీలు గిన్నెలు, ఒక ప్యాలెట్ నైఫ్, పాత నూలు గుడ్డలు కావాలి. ప్యాలెట్‌గా ఒక గాజు పలక తీసుకుని అడుగున బూడిదరంగు కాగితం పెట్టుకుంటే రంగు అసలు స్థాయి తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. పని కాగానే నీళ్లలో తడిపి, విప్పి ఆరేసి, ఆ తర్వాతే పారేయండి. టర్పెంటైన్ మూత తీసినంతసేపూ కిటికీలు తెరిచి ఉంచండి.

మొదటి కూర్చోవడం: చూపు

ఆ రోజు ట్యూబులు ముట్టకండి. మౌరిట్స్‌హౌస్ వెబ్‌సైటులో ఈ చిత్రం పెద్ద కొలతలో దొరుకుతుంది. మంచి కాగితం మీద ఒక రంగుల ప్రింటు, ఒక నలుపు తెలుపు ప్రింటు తీయించుకోండి. ఫోన్ తెర తానే వెలుగుతుంది కాబట్టి ప్రతి రంగునూ ఉన్నదానికంటే మెరిపించి చూపిస్తుంది. దాన్ని నమ్మి కలిపిన రంగు కాన్వాస్ మీద వెలవెలబోతుంది.

కళ్లు చికిలించి ప్రింటును చూడండి. వివరాలు కరిగిపోయి వెలుగు, చీకటి మాత్రం మిగులుతాయి. అప్పుడు ఒక విచిత్రం కనిపిస్తుంది. మనకు దగ్గరగా నీటి అంచున ఉన్న గోడలు, ద్వారాలు మబ్బు నీడలో మసకగా ఉన్నాయి. వాటి వెనక, దూరంగా ఉన్న కప్పులు, న్యూవె కెర్క్ చర్చి గోపురం ఎండలో వెలుగుతున్నాయి.

కొత్తవాళ్లు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. దగ్గరున్నవి ప్రకాశంగా, దూరం పోయేకొద్దీ మసక. వెర్మీర్ చీకటిని ముందు పెట్టడంతో మన చూపు గోడ దాటి ఊళ్లోకి వెళ్తుంది. పైగా ఎండ పడిన ఆ చర్చిలోనే, 1584లో ఇదే ఊళ్లో హత్యకు గురైన డచ్చి నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ సమాధి ఉంది. డెల్ఫ్ట్ వాసికి ఆ గోపురం ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

నోటు పుస్తకంలో మొదటి వాక్యం రాయండి: దగ్గర చీకటి, దూరం వెలుగు. తర్వాత పోస్టుకార్డంత కాగితం మీద పెన్సిల్‌తో అయిదే అయిదు ఛాయల్లో చిత్రం మొత్తాన్ని వేయండి. కిటికీలు, మనుషులు, పడవలు వద్దు. ఛాయలు కుదిరితే, దూరం నుంచి చూసినవాళ్లు అది ఏ బొమ్మో గుర్తుపడతారు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఈ వారంలోనే సాలార్ జంగ్ మ్యూజియంలోని యూరోపియన్ చిత్రాల గదులు చూసి రండి. ప్రింటులో ఎన్నటికీ కనిపించనిది అక్కడ తెలుస్తుంది. ఏ భాగంలో రంగు మందంగా నిలిచింది, ఏ భాగంలో కాన్వాస్ నేత కనిపించేంత పల్చగా ఉంది అన్నది పక్క నుంచి వంగి చూసి గమనించండి.

రెండో కూర్చోవడం: గీత

కాన్వాస్‌ను రెండేసి అంగుళాల గళ్లుగా విడదీయండి. అయిదు వరసలు, ఆరు నిలువులు, మొత్తం 30 గళ్లు. ప్రింటు మీదా అన్నే గళ్లు గీయండి. మీ ఒక్కో గడి, అసలు చిత్రంలో 19 సెంటీమీటర్ల పైచిలుకు చదరం. గళ్లు అతి సన్నగా, ముట్టీ ముట్టనట్టు గీయాలి. పెన్సిల్ గీత ముదురుగా ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ పై రంగులోంచి తొంగిచూస్తుంది.

బొమ్మ గీతలకు పెన్సిల్ వద్దు. టర్పెంటైన్‌లో పల్చగా కలిపిన బర్న్ట్ అంబర్‌ను సన్న బ్రష్‌తో తీసుకోండి. తప్పు వస్తే గుడ్డతో తుడిస్తే పోతుంది. మొదట గోడలు నీటిని తాకే గీత, తర్వాత కప్పుల అంచు, ఆ తర్వాత నిలువులు. మధ్యలో గడియారం ఉన్న షీడామ్ ద్వారం, దాని పక్కన వంతెన, కుడివైపు జంట బురుజుల రాటర్‌డామ్ ద్వారం, వెనక చర్చి గోపురం. నిలువు గీతలన్నీ కాన్వాస్ పక్క అంచుకు సమాంతరంగా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి సరిచూడండి. గోపురం ఏ కాస్త ఒరిగినా ఆ ఊరంతా కూలబోతున్నట్టు ఉంటుంది.

ఇక్కడ రెండో ప్రశ్న. ఊరు నిజంగా ఇలాగే ఉండేదా? ఆ రెండు ద్వారాలనూ 19వ శతాబ్దంలో పడగొట్టేశారు. కానీ పాత పటాలతో, ఇతరులు గీసిన బొమ్మలతో పోల్చి చూసిన పండితులు వెర్మీర్ కట్టడాలను కొంత సర్దాడని తేల్చారు. ఎగుడుదిగుడులు తగ్గించి కప్పుల వరసను ప్రశాంతంగా సాగనిచ్చాడు. కళ్లెదుట ఉన్నదాన్ని ఆయనే అక్షరాలా దించలేదన్నమాట. ఇదీ రాసుకోండి.

మూడో కూర్చోవడం: ఒక్క రంగులో చిత్రం

అంబర్, అల్ట్రామెరైన్, తెలుపు కలిపి అయిదు ఛాయలు ప్యాలెట్ మీద వరసగా పెట్టుకోండి. మొదటి రోజు పెన్సిల్‌తో వేసిన ఛాయలే ఇప్పుడు బ్రష్‌తో. పెద్ద ఫ్లాట్ బ్రష్ మాత్రమే వాడండి. రెండు గంటల్లో కాన్వాస్ మొత్తం నిండాలి, తెల్ల మచ్చ ఎక్కడా మిగలకూడదు. ఈ పొరలో నూనె వద్దు, టర్పెంటైన్ చాలు.

ఎందుకంటే ఆయిల్ రంగు ఆరే పద్ధతి వేరు. నీటిరంగులో నీరు ఆవిరైపోతుంది. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర ఆరడానికి ఎక్కువ కాలం పడుతుంది, ఆ లోపల కదులుతూ ఉంటుంది. అలాంటి పొరను కింద వేసి, త్వరగా ఆరే పొరను పైన వేస్తే పైది చిట్లుతుంది. కాబట్టి కింద పొరకు నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. ఇది కంఠస్థం కావాలి. అంబర్ త్వరగా ఆరే రంగు కాబట్టి ఈ తొలి పొరకు సరిగ్గా సరిపోతుంది. వేలితో తాకితే అంటనంత వరకూ ఆగండి. వానాకాలంలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

నాలుగో కూర్చోవడం: ఆకాశం

వెలుతురు వచ్చేది పైనుంచి కాబట్టి రంగు పనీ అక్కడే మొదలు. చిత్రం పై అంచున బరువైన నల్ల మబ్బు ఒకటి వేలాడుతోంది. దాని కింద తెల్లని మబ్బు రాశులు, మధ్యలో నీలం. పై మబ్బే ఊరి ముందు భాగానికి నీడ వేస్తున్నది. ఆకాశాన్నీ నేలనూ కలిపే తర్కం అది. మబ్బు తేలికైతే కింద నీడకు అర్థం లేకుండా పోతుంది.

తెలుపులో అల్ట్రామెరైన్, చిటికెడు అంబర్ కలిపితే మబ్బు బూడిదరంగు. ఎండ తగిలిన మబ్బుకు తెలుపులో రవ్వంత ఓకర్. ట్యూబులోంచి వచ్చిన పచ్చి తెలుపు ఈ రోజు వాడకండి, దాన్ని చివరికి దాచుకోవాలి. ఆకాశం రంగును కప్పుల గీత మీదికి కొద్దిగా దిగనివ్వండి. తర్వాత కప్పు రంగుతో దాన్ని కోసుకొస్తే అంచు సహజంగా వస్తుంది. కప్పు చుట్టూ ఆకాశాన్ని జాగ్రత్తగా నింపుకుంటూ పోతే కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

అయిదో కూర్చోవడం: ఊరు

నీడలో ఉన్న ఇటుక గోడకు బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరైన్ కలపండి. ఒక చోట నీలం కాస్త ఎక్కువ, ఒక చోట సియెన్నా కాస్త ఎక్కువ, ఛాయ మాత్రం ఒక్కటే. నీడ బతికేది ఈ చిన్న తేడాల వల్లే. ఎర్ర కప్పుకు సియెన్నాలో అలిజరిన్. ఎండలోని గోపురానికి, దూరపు కప్పులకు ఓకర్, లెమన్ ఎల్లో, తెలుపు.

ఆరు కిటికీలు ఉన్న చోట ఆరూ గీయాలన్న తపన వస్తుంది. ఆపుకోండి. వెర్మీర్ ఇటుకలను లెక్కపెట్టలేదు. పెంకుటి కప్పుల దగ్గర రంగును గరుకుగా, రేణువులు తేలినట్టు వేసి, ఆ గరుకుతనంతోనే పెంకులు ఉన్న భ్రమ కలిగించాడు. మనం దాన్ని ఇలా చేయవచ్చు. కింద రంగును మందంగా అద్ది ఆరనివ్వాలి. మరో రోజు కాస్త లేత రంగును పొడి బ్రష్‌తో పైపైన ఈడ్చాలి. ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే రంగు అంటుకుని కప్పు ప్రాణం పోసుకుంటుంది.

గడియారం ఏడు దాటినట్టు చూపిస్తుంది. మనం చూస్తున్నది దక్షిణం నుంచి ఉత్తరానికి. ఉదయపు ఎండ కుడి పక్క నుంచి రావాలి. మీ గోడల్లో కుడి ముఖాలు లేతగా, ఎడమ ముఖాలు ముదురుగా ఉన్నాయా? ఒక్క గోడ ఎదురు తిరిగినా పొద్దు రెండు చోట్ల పొడిచినట్టే.

ఆరో కూర్చోవడం: నీళ్లు, చివరి మెరుపులు

నీటిలో ప్రతిబింబం వస్తువుకు సరిగ్గా కిందనే పడుతుంది. వెలుగులు కాస్త తగ్గుతాయి, చీకట్లు కాస్త తేలికవుతాయి. ముందు నిలువు బ్రష్‌తో రంగు దించండి, తడి ఆరకముందే మెత్తని బ్రష్‌ను అడ్డంగా ఒక్కసారి నడపండి. రెండోసారి నడిపితే నీళ్లు బురదవుతాయి.

రాటర్‌డామ్ ద్వారం బురుజుల ప్రతిబింబాలు ముందు పొట్టిగా ఉండేవనీ, వెర్మీర్ వాటిని తర్వాత కిందికి సాగదీశాడనీ ఎక్స్-రే పరీక్షల్లో తేలింది. నీటి లెక్క కంటే ఊరినీ ఈ గట్టునూ కలిపే ముదురు దారి ఆయనకు ముఖ్యమైంది. కుడివైపు గట్టు మీద ముందు వేసిన ఒక మనిషిని కూడా తర్వాత చెరిపేశాడు. ఆ ఖాళీ వల్లనే నీటి నిశ్చలత పెరిగింది. ఏది వేశాడన్నదే కాదు, ఏది తీసేశాడన్నదీ ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే.

కుడివైపు పడవల మీద వెలుగు చుక్కలు ఉన్నాయి. దాచుకున్న పచ్చి తెలుపు ఇప్పుడు తీయండి. మీ కొలతకు పది చుక్కలు చాలు. పదకొండోది పెట్టాలనిపించినప్పుడు బ్రష్ కడిగేయండి.

పని పాడైనట్టు అనిపిస్తే

రంగు మురికిగా మారిందా? బ్రష్ మార్చకుండా మూడు నాలుగు రంగులు కలిపి ఉంటారు. ప్యాలెట్ నైఫ్‌తో కలిపి, వేసి, వదిలేయండి. ఆరిన చోట కాంతి చచ్చి పాలిపోయిందా? కింద పొర నూనె పీల్చుకుంది. చుక్క అవిసె నూనెను గుడ్డతో పల్చగా రుద్ది తుడిచేస్తే రంగు తేరుకుంటుంది. ఏదో తేడా ఉందిగానీ ఎక్కడో తెలియడం లేదా? కాన్వాస్‌నూ ప్రింటునూ తలకిందులుగా పెట్టండి, లేదా అద్దంలో చూడండి. ఊరు అన్న సంగతి మెదడు మరిచిపోయి ఆకారాలను మాత్రమే చూస్తుంది. తేడా వెంటనే దొరుకుతుంది.

పూర్తయ్యాక కాన్వాస్ వెనక 'వెర్మీర్ చిత్రానికి నకలు' అని రాసి మీ పేరు, తేదీ వేయండి. వార్నిష్‌కు ఆరు నెలలైనా ఆగాలి.

ఈ అధ్యాయం పని

1. ప్రింటు బీరువాలో పెట్టేసి, పోస్టుకార్డు కొలతలో చిత్రాన్ని జ్ఞాపకం మీద వేయండి. మీకు గుర్తున్నదే మీరు నేర్చుకున్నది. గుర్తులేని పట్టీ దగ్గరికి వెళ్లి మళ్లీ చూడండి.

2. మీ నోటు పుస్తకంలో ఉన్న "ఎందుకు" జవాబుల్లోంచి మూడింటిని ఎంచుకోండి. ఉదాహరణకు: దగ్గర చీకటి, దూరం వెలుగు; సర్దిన కప్పుల వరస; సాగదీసిన ప్రతిబింబం.

3. నీటికి అవతల ఊరు కనిపించే చోటుకు వెళ్లండి. కొవ్వూరు గట్టు మీద నుంచి గోదావరి అవతల రాజమండ్రి కావచ్చు, మీ ఊరి చెరువు కట్ట కావచ్చు. ఇసుక, నీళ్లు, ఊరు, ఆకాశం అక్కడా ఉంటాయి. మబ్బు పట్టిన ఉదయం ఎంచుకుని, ఆ మూడు నిర్ణయాల్లో ఒక్కదాన్నే వాడి చిన్న బోర్డు మీద వేయండి.

4. మరుసటి వారం అదే చోట కూర్చుని, వెర్మీర్ చేయని నిర్ణయం ఒకటి తీసుకోండి. ఒక సెల్ టవర్‌ను తీసేయవచ్చు, లేదా కావాలనే ఉంచవచ్చు. ఏది చేసినా ఎందుకు చేశారో పుస్తకంలో రాయండి. ఆ కారణం మీదైతే ఇక నకలు అవసరం తీరినట్టే. మీరు తర్వాతి అధ్యాయానికి వెళ్లవచ్చు.